ఆత్మ ఇల్లు చేరిన మధ్యాహ్నం

ప్రతి ఇంట్లోనూ ఒక యంత్రం పాటలన్నిటినీ ఇంటిపనులకు తగ్గట్టు ముక్కలు చేసి వినిపించే కాలమది. విశాఖలో చిదానందం యౌవనంలో చేసిన సైకడెలిక్ రాక్ ఆల్బమ్, కలలో తేలుతున్నట్టుండే ఆ పాటల వరుస కూడా అలాగే బతికింది. ఒక ఆత్మ దేహాన్ని విడిచి, లోకాలన్నీ తిరిగి, మళ్ళీ ఇల్లు చేరే కథ అది. అందులోని మరణఘట్టం ఇప్పుడు ఊళ్ళో పసిపిల్లలందరికీ జోలపాట; లోకసంచారం పిండి రుబ్బే వేళకు తాళం.

"ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా వినవే కోమలీ. నా జీవితమంతా అందులో ఉంది," అన్నాడాయన.

"మీ జీవితంతోనే కదండీ రోజూ పిండి రుబ్బుతున్నాను! సరే, పెట్టండి," అంది భార్య.

ఆయన ఇంటి యంత్రాన్ని బతిమాలి ముక్కలన్నిటినీ వరుసలో పెట్టించాడు. భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చున్నారు. ఆమె ముఖంలో ప్రతి మార్పునూ చూడాలని ఆయన ఆత్రం. మరణఘట్టం మొదలైంది. మనవలందరినీ ఆ రాగంతోనే జోకొట్టిన చిదానందానికి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. కోమలి మాత్రం కాఫీ వేళ దాటినా కదలకుండా చివరి స్వరం దాకా విన్నది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "అయిపోయిందా? ఎలా ఉందే?"

కోమలి కళ్ళు తుడుచుకుని నవ్వింది. "మీ ఆత్మ క్షేమంగా ఇల్లు చేరిందండీ. తలుపు తీయడానికి మీరే లేరు. నేనే తీశాను."