ఎటు వంచినా నిలిచిన కుర్రాడు

స్టీల్ కంపెనీ ఊళ్లో, సాక్చి బజార్లో మేడమీద కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్ ముందు గణపతిరావు చెప్పులు విప్పి, చొక్కా దులుపుకుని, లోపలికి అడుగు పెట్టబోయాడు. వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెట్టాడు. బయటివాళ్లు వస్తే మిషన్‌కి దుమ్ము పడుతుందట. కావాలంటే గాజు తలుపు ఇవతల బెంచీ మీద కూర్చుని చూడొచ్చట.

"మనింటి పెళ్లికి మనవే బయట కూకోవాలేటి?" అని అతని తల్లి సూరమ్మ సణిగింది.

నిజానికి పెళ్లి ఇంకా కుదరలేదు. కుదరకపోవడానికి కారణం గణపతిరావే. కూతురు పద్మకుమారికి అరడజను సంబంధాలు వచ్చాయి. అందరూ పిల్ల నచ్చిందన్నారు. ఎవరికి అవుననాలో ఈయనకే తేలలేదు. స్కూటర్ రంగు ఎంచుకోవడానికి ఏడాది పట్టిన మనిషి మరి. పైగా జీతమెంతంటే ఒకరు బేసిక్ చెప్పారు, ఒకరు ఓవర్‌టైంతో కలిపి చెప్పారు, ఇంకొకరు ఏడాదికింతని చెప్పారు. ఎవరిది ఎక్కువో లెక్క కడుతూంటే బుర్ర వేడెక్కిపోయింది. మధ్యవర్తి అప్పలసూరికి ఓపిక నశించింది. రేపటికల్లా ఒక్క పేరు చెప్పకపోతే అందరికీ లేదనేస్తానని తెగేసి చెప్పి పోయాడు.

అప్పుడు పద్మకుమారే ఈ ఉపాయం చెప్పింది. తను నేర్చుకుంటున్న కంప్యూటర్లో వివరాలన్నీ ఎక్కిస్తే, జీతం, వయసు, పొడుగు, దేని ప్రకారం కావాలంటే దాని ప్రకారం వరుస పెడుతుందని.

"అబద్దం సెప్పదు కదా?" అన్నాడు గణపతిరావు.

"మనం చూపించిన వరుసల్ని సర్దుతుంది నాన్నా. బస్, అంతే."

ఇప్పుడు ఆ పిల్ల లోపల చల్లటి గదిలో మిషన్ ముందు కూర్చుంది. తెర మీద పచ్చటి అక్షరాలు. గణపతిరావుకి ఇవతల నుంచి వరుసలు కనిపిస్తున్నాయి గాని, పేర్లు చదవడానికి వీల్లేదు. పద్మకుమారి తలుపు ఓరగా తీసి పైనున్న పేరు చెప్పాలని ఒప్పందం.

ముందు భార్య గౌరీదేవి మాట నెగ్గింది. పిల్ల దగ్గర్లో ఉండాలి, కాబట్టి ఊరి దూరం చూడమంది. తెర మీద వరుసలు తారుమారయ్యాయి.

"పైన బలరామ్," అంది పద్మకుమారి.

ఇందులో వింతేమీ లేదు. మిగతావాళ్లు విజయనగరం, రూర్కెలా, ఖరగ్‌పూర్ల వాళ్లు. బలరామ్‌ది ఈ ఊరి శివార్లోని పర్సుడీహ్. కంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. చూపులకొచ్చిన వాళ్లంతా పిల్లకి వంట వచ్చా అని తల్లిని అడిగితే, అతనొక్కడే ఈ సంబంధం ఇష్టమేనా అని పిల్లనే అడిగాడు. గణపతిరావుకి అది కాస్త అధికప్రసంగంగా తోచింది.

సూరమ్మ పొడుగు చూడమంది. మళ్లీ బలరామే. కూర్చున్న మనిషి పొడుగు ఎవరికి తెలుస్తుందిలే అని ఆవిడే సర్దుకుంది.

గణపతిరావు ఊపిరి బిగబట్టి జీతం చూడమన్నాడు. అతని మనసులో రూర్కెలా ఇంజనీరున్నాడు.

"బలరామ్."

"జీతంలోనా?"

"ఊపర్ తో వహీ నామ్ హై, నాన్నా. పైన అదే పేరుంది," అంది పద్మకుమారి నేల చూపులు చూస్తూ.

ఓవర్‌టైం బాగా చేస్తున్నాడు కాబోలు అనుకున్నాడు గణపతిరావు. తర్వాత వయసు చూశారు. జాతకం చూశారు. ప్రతిసారీ కింది వరుసలు ఎగిరెగిరి పడుతున్నాయి. పై వరుస మాత్రం కదలడం లేదు. ఆ సంగతి అతనికి గాజులోంచి స్పష్టంగా కనిపిస్తోంది. అతనిలో ఉద్యోగస్థుడు మేలుకున్నాడు.

గణపతిరావు పని చేసేది స్టీల్ కంపెనీ టెస్టింగ్ సెక్షన్లో. ఉక్కు ముక్కను ఒకవైపు వంచి చూస్తాడు. పగలకపోతే తిరగేసి రెండోవైపు వంచుతాడు. అప్పుడు కూడా నిలిస్తేనే పాసు. జీవితంలో అతను తడుముకోకుండా తేల్చే విషయం అదొక్కటే.

"ఇప్పుడు తల్లకిందులు సెయ్యమ్మా. తక్కువ జీతవోడు పైకి, ఎక్కువ జీతవోడు కిందికి."

పద్మకుమారి మొహం పాలిపోయింది. అలా ఎవరూ చెయ్యరంది. కరెంటు పోయేలా ఉందంది.

"ఒంచి సూడకుండా పాసెలా సేత్తావే?" అన్నాడు గణపతిరావు.

చేసేది లేక ఆ పిల్ల కాళ్లీడ్చుకుంటూ లోపలికెళ్లింది. గణపతిరావు ముక్కు గాజుకి ఆనించి నిలబడ్డాడు. కిందివి పైకొచ్చాయి, పైవి కిందికెళ్లాయి. మొట్టమొదటి వరుస ఇసుమంత కూడా కదల్లేదు.

పద్మకుమారి వచ్చి తల వంచుకుని నిలబడింది. గణపతిరావుకి పేరు వినే అవసరమే లేకపోయింది. నెలల తరబడి గుండెల మీదున్న బరువు దిగిపోయి అతని కళ్లు చెమర్చాయి.

"సూసేను తల్లీ. కళ్లారా సూసేను. తల్లకిందులు సేసినా నిలబడ్డోడు. ఈడే మన అల్లుడు."

గౌరీదేవి మిషన్‌కి బొట్టు పెడతానంది. వాచ్‌మన్ ఒప్పుకోకపోతే గాజు తలుపుకే పెట్టింది. అప్పలసూరి అందరికీ లేదనెయ్యకముందే మాట ఇచ్చెయ్యాలని ముగ్గురూ గబగబా మెట్లు దిగి రిక్షా ఎక్కారు.

వాళ్లు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, పద్మకుమారి మిషన్ ఆపబోతూ, ఇంతసేపూ సర్దమని దానికి చూపించకుండా పక్కన పెట్టిన మొదటి వరుసను కూడా కలిపి, ఎక్కువ జీతం పైకొచ్చేలా మీట నొక్కేసరికి, బలరామ్ పేరు చటుక్కున వెళ్లి అందరికన్నా అడుగున కూర్చుంది.