బురద కాళ్లతో గీత దాటరాదు

వాన వెలిసిన చొప్పదండి పొలాల్లో కాలేజీ అమ్మాయిల పరుగు పోటీ. మొదట వచ్చిన ఒక్కరికే యూనివర్సిటీ జట్టులో చోటు. మోకాళ్ల దాకా బురదతో, అందరికంటే ముందు మా మనుమరాలు మహిమ వస్తోంది. సున్నపు గీతకు ఇవతల, నడుము మీద చేతులు పెట్టుకుని నేను నిలబడ్డాను.

గీత దగ్గరికి రాగానే మహిమ నన్ను చూసి టక్కున ఆగింది. పక్కనున్న నీళ్ల డ్రమ్ములో మగ్గు ముంచి కాళ్లు కడగసాగింది.

“ఉరుకవే పిచ్చిదానా!”

“బురద కాళ్లతోని వస్తే తంతనని నువ్వే అంటవు గద అమ్మమ్మా!”

“అది ఇంట్లకు! గిది పందెం!”

అంతలో హుజూరాబాద్ పిల్ల ఒకతి బురద చిమ్ముకుంటూ దూసుకొచ్చింది. ఇక చోటు పోయినట్టే అనుకున్నాను. ఆ పిల్ల నా మొహం చూసింది. ఆగి, మహిమ వెనుక నిలబడింది.

“అక్కా, మగ్గు జర జల్ది ఇయ్యి.”

మహిమ గీత దాటి మొదటిదైంది. ఎడమ మడమకు బురద మిగిలే ఉంది. ఆ సంగతి ఇంటికి వెళ్లాక చూస్తాను.

రెండో పిల్ల ఇంకా కాళ్లు రుద్దుకుంటోంది.

“నీకు నేనేమైత బిడ్డా, నువ్వెందుకు ఆగినవ్?” అన్నాను.

“మా ఇంట్ల సుత గిట్లనే నిలవడే అమ్మమ్మ ఉన్నది.”