చెంప మీద ఎండ

"ఈ బొమ్మ ఎప్పుడు వేశావు బావా?" నెల కిందట చనిపోయిన అక్క చిత్రం ముందు నిలబడి అడిగింది వినిఫ్రెడ్. ఆమె హాలిఫాక్స్ ఆసుపత్రిలో నర్సు.

"ఫిబ్రవరిలో మొదలెట్టా. నలభై రోజులు ఈ గదిలోనే ఓపిగ్గా కూర్చుంది మీ అక్క." ఆంగస్ గొంతులో నెల రోజుల తర్వాత కాస్త గర్వం తొంగిచూసింది. "ఆ చెంప మీద వెలుగు చూశావా? రోజురోజుకీ పెరిగేది. పసుపు రంగు కలపలేక చచ్చాననుకో! 'నన్ను బంగారంలో ముంచేస్తున్నావయ్యా' అని ఒకటే నవ్వు."

వినిఫ్రెడ్ నవ్వలేదు.

"కళ్ళల్లో తెల్లగుడ్డు కూడా పసుపే వేశావేం?"

"ఏది కనిపిస్తే అది వేస్తా. సొంతంగా ఒక్క చుక్క కలపను. నీకు తెలీదా?"

"అది వెలుగు కాదు బావా. కామెర్లు." "మా దగ్గరికి తెచ్చేసరికి ఏప్రిల్. అప్పటికే క్యాన్సర్ కాలేయమంతా పాకేసింది. నలభై రోజులు అక్క మొహమే చూస్తూ కూర్చున్నావు కదా!"

"కాదు కాదు, ఎండే. కిటికీలోంచి పడ్డ ఎండ," అంటూ ఆంగస్ అటు తిరిగాడు.

బొమ్మల మీద ఎండ పొడ పడకూడదని, గోడ పగలగొట్టి, ఏరికోరి ఉత్తరం వైపు తనే పెట్టుకున్న కిటికీ అది.