కంటికి కాపలా

పట్టపగలు కిటికీ తెరలు మూసుకుని, దీపమైనా వేసుకోకుండా, హరిణి ఫోనులో నవల చదువుతోంది. ఫోను వెలుగు ముఖం మీద తళతళలాడుతోంది. రెప్ప వేయడం లేదు.

గుమ్మంలో నిలబడ్డ కామరాజుకు గుండె కలుక్కుమంది.

"ఏంటమ్మా ఈ అఘాయిత్యం? కళ్ళు చూసుకున్నావా? చింతనిప్పుల్లా ఉన్నాయి!"

"నిజంగానా మావయ్యా?" అంటూ ఆ పిల్ల అద్దం దగ్గరకు పరుగెత్తింది.

గ్రంథాలయాధికారిగా పదవీ విరమణ చేసి, పంజాగుట్టలోని ఫ్లాటులో పుస్తకాల నడుమ ప్రశాంతంగా కాలం వెళ్ళబుచ్చుతున్న మనిషి కామరాజు. ఆయన దృష్టిలో అచ్చుపుస్తకం చదవడమే చదువు. తెర మీద చదవడం కంటికి వేసే శిక్ష. పైగా ఈ శిక్ష అనుభవిస్తున్నది స్వయానా అక్కగారి కూతురు. నటి కావాలని కాకినాడ నుంచి వచ్చి తన ఇంట్లో దిగింది. శుక్రవారం కృష్ణానగర్‌లో ఒక టీవీ సీరియల్‌కు ఆడిషన్. కథానాయిక చెల్లెలి వేషం. ఈసారి కూడా వేషం రాకపోతే బుద్ధిగా ఇంటికి తిరిగి వెళ్ళి బి.ఎడ్.లో చేరతానని వాళ్ళ నాన్నకు మాటిచ్చి మరీ వచ్చింది.

"ఆ పాత్రకు ఏం కావాలన్నారు?" అని వచ్చిన రోజే అడిగాడాయన.

"అంతా కళ్ళలోనే ఉందన్నారు మావయ్యా. డైలాగు కూడా చిన్నదే. కెమెరా కళ్ళ మీంచి కదలదట."

ఆ మాట కామరాజు మనసులో నాటుకుపోయింది. మేనకోడలి భవిష్యత్తు ఆ రెండు కళ్ళ మీద ఆధారపడి ఉంది. వాటి బాధ్యత ఇక తనది.

మర్నాడే హరిణిని అమీర్‌పేటలో మహిపాల్ కళ్ళద్దాల దుకాణానికి తీసుకువెళ్ళాడు. మహిపాల్ ఆమె కళ్ళలోకి టార్చి వేసి చూశాడు.

"ఏం ఫికర్ లేదు సార్. ఫోన్ల సదివేటప్పుడు మనం రెప్ప కొట్టుడు మర్సిపోతం. కన్ను ఎండుతది, మంట లేస్తది, అటెనుక నీళ్ళు కారుతయ్. గంతే."

హరిణి కుర్చీ అంచుకు జరిగింది. "ఎంతసేపటికి కారతాయండీ?"

"గది మనిషిని బట్టి ఉంటదమ్మా. ఫ్యాన్ కింద కూసుంటె జల్ది కారుతయ్."

"మరి కాగితం మీద చదివితే?"

"కాయితం మస్తు సల్లగుంటది. పొద్దంత సదివినా సుక్క రాదు."

హరిణి ముఖం వాడిపోయింది. పాపం, బెదిరిపోయిందనుకున్నాడు కామరాజు.

అక్కడి నుంచి నేరుగా మైత్రీవనం పక్కనున్న జిరాక్స్ షాపుకు నడిపించాడు. ఆమె ఫోనులో చదువుతున్న నవల మొత్తాన్నీ పెద్ద అక్షరాలతో అచ్చు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాడు. జావా నోట్సు కోసం వరుసలో నిలబడ్డ కుర్రవాడొకడు ఆ లావుపాటి కట్టను ఆసక్తిగా చూశాడు.

"ఇది ఏ కోర్సు మెటీరియల్ అంకుల్?"

"కళ్ళు కాపాడుకునే కోర్సు నాయనా. నువ్వూ చేరితే మంచిది."

ఇంట్లో పహరా మొదలైంది. హరిణి ఫ్యాను కింద ఫోనుతో కనబడగానే ఆయన ఫోను లాక్కుని చేతిలో పుస్తకం పెట్టేవాడు. వంటగదిలో కీరదోసకాయ చక్రాలు తరిగించి, ఆమె కళ్ళ మీద పెట్టించేవాడు.

"ఏవండీ, పిల్లని కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి," అంది ఆయన భార్య నాగేశ్వరి, కత్తిపీట ముందు నుంచే.

"నేనేమైనా ముక్కు మూశానా? ఊపిరి ఎంతైనా పీల్చుకోమను. ఫోను మాత్రం చూడొద్దను."

శుక్రవారం వచ్చింది. ఆటోలో కృష్ణానగర్ వెళుతున్నంతసేపూ హరిణి ఆయన జేబు వైపే చూస్తోంది. ఫోను అందులోనే ఉంది.

"మావయ్యా, ఒక్క పది నిమిషాలు ఇవ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు పట్టుకున్నా సరే, ఇచ్చేది లేదు. ఇవాళ నీ కళ్ళు ఎలా ఉన్నాయో తెలుసా? కడిగిన ముత్యాల్లా ఉన్నాయి!"

"అదే కదా..." అని గొణుక్కుంది హరిణి.

సీరియల్ ఆఫీసు వసారాలో అమ్మాయిలు బారులు తీరి ఉన్నారు. ఒక్కొక్కరే లోపలికి వెళుతున్నారు. ముఖాలు వేలాడేసుకుని బయటికి వస్తున్నారు. కామరాజు అందరి కళ్ళనూ శ్రద్ధగా పరిశీలించాడు. ఒకరివి అలసిపోయి ఉన్నాయి, ఒకరివి జీరలు తేలి ఉన్నాయి. మన పిల్ల కళ్ళకు సాటి వచ్చేవి ఇక్కడ ఎవరికీ లేవని నిర్ధారణ చేసుకుని, హాయిగా గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

హరిణి పేరు పిలిచారు. దేవుణ్ణి తలుచుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ లోపలికి వెళ్ళింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కామరాజు ఉలిక్కిపడి లేచాడు. హరిణి కళ్ళు మంకెనపూలలా ఉన్నాయి. కాటుక చెంపల మీదికి కారింది. ముక్కు కందిపోయింది. వారం రోజులు పడ్డ శ్రమంతా ఆయన కళ్ళముందే బూడిదలో పోసిన పన్నీరైపోయింది.

"లోపల ఎవరి ఫోను చూశావే?" అన్నాడు నీరసంగా.

హరిణి వెక్కుతూనే పకపకా నవ్వింది. పవిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. వంగి మేనమామ కాళ్ళకు దండం పెట్టింది.

"వేషం నాకే వచ్చింది మావయ్యా!"

"ఈ కళ్ళతోనా?"

"గ్లిజరిన్ లేకుండా కన్నీళ్ళు పెట్టగలిగిన పిల్లకే వేషమన్నారని నేను వారం నుంచీ ఫోను చూసి చూసి కళ్ళు మండించుకుంటుంటే, మీరు మొత్తం చల్లార్చేశారు కదా, కెమెరా ముందు నిలబడేసరికి ఇక నాకు బి.ఎడ్.యే గతి అనిపించి నిజంగానే బావురుమన్నాను!"