కుడి రెక్కలో ముడత

"చెయ్యి పెట్టి చూడు," అంది మెకానిక్.

పైలట్ చొక్కా చేతిని భుజం దాకా మడిచి, విమానం రెక్క మీద పళ్లెమంత ఉన్న కన్నంలోకి చెయ్యి దూర్చాడు.

"ఏం తగిలింది?"

"ఏదో గరుగ్గా ఉంది, అత్తయ్యగారూ."

"రివెట్టు తల. దానిమీద అంటించిన టేపు ఎప్పుడో ఊడిపోయింది. విమానం కదిలినప్పుడల్లా అది పెట్రోలు సంచిని గీరుతుంది. నీ పెట్రోలు కారిపోతోంది అందుకే."

ఆ చిన్న విమానానికి ట్యాంకులు రెక్కల్లోనే ఉంటాయి. అవి రేకు ట్యాంకులు కావు, రెక్క లోపలి అరలో సరిగ్గా పట్టే రబ్బరు సంచులు. ముప్పై ఏళ్లు వాడాక బీటలు తీస్తే ఊడదీశారు. రెండు రెక్కలకీ కొత్తవి వెయ్యాలి. శుక్రవారం పొద్దున రిజిస్టరు ఆఫీసులో పైలట్‌కీ, మెకానిక్‌తో పాటు షెడ్డులో పనిచేసే చిట్టికీ పెళ్లి. మధ్యాహ్నం ఇదే విమానంలో పైలట్ చిట్టిని తన ఊరికి తీసుకెళ్తాడు. ఆ రోజు మంగళవారం.

"పెళ్లికొడుకు చేత ఇంత చాకిరీ చేయించే అత్తగారిని నేనెక్కడా చూడలేదు," అన్నాడు పైలట్, గరుకు కాగితంతో పాత జిగురు గీకుతూ.

"ఇప్పుడే ఏం చూశారు," అని నవ్వింది చిట్టి.

ఎడమ రెక్క చిట్టి చేసింది. కొత్త సంచిని హీటరున్న గదిలో రెండు గంటలు ఉంచితే దుప్పటిలా మెత్తబడింది. దాన్ని చాపలా చుట్టి కన్నంలోంచి లోపలికి తోసి, లోపల విప్పి పరిచింది. ఇక సంచి పైభాగాన్ని ఆ అర పైకప్పుకి టిచ్‌బటన్లతో బిగించాలి. కంటికి ఏమీ కనిపించదు, వేళ్లతోనే వెతుక్కోవాలి. మెకానిక్ పక్కనే కళ్లు మూసుకుని నిలబడి చప్పుళ్లు లెక్కపెట్టింది.

"పదకొండు. ఇంకోటేదే?"

"తొందరపెట్టకమ్మా, మూలలో ఉంది."

టిక్.

"ఈ షెడ్డుకి వచ్చిన కొత్తలో దీనికి పానా ఎటు పట్టుకోవాలో తెలీదు," అంది మెకానిక్, పైలట్‌తో. "ఇప్పుడు నాకే పాఠాలు చెబుతుంది."

"మీ అబ్బాయి కూడా ఈ పనే చేసేవారట కదండీ?" మెల్లిగా అడిగాడు పైలట్.

"చేసేవాడు. వాడి చేతులు ఇంకా సన్నం. జ్వరమొచ్చి పోయాడు. ఈ వానలకి నాలుగేళ్లు."

రెక్క లోపల చిట్టి చెయ్యి ఆగిపోయింది. "చెయ్యి ఆడించవే, సంచి చల్లారితే గట్టిపడిపోతుంది," అంది మెకానిక్.

కుడి రెక్క మాత్రం తనే వేస్తానని పట్టుబట్టింది మెకానిక్. వేళ్ల కణుపులు వాచి ఉన్నా వినలేదు. గురువారం మధ్యాహ్నానికి పని అయింది. చెయ్యి బయటికి తీసి, పైలట్ మొహం చూడకుండా చెప్పింది.

"అడుగున ముడత పడింది. ముడతలో నీళ్లు చేరతాయి. గాల్లో ఉండగా ఆ నీళ్లు ఇంజనుకి అందితే ఇంజను ఆగిపోతుంది. సంచి మొత్తం ఊడదీసి మళ్లీ వెయ్యాలి. ఇంకో వారం పడుతుంది."

"అలాగే వెయ్యండి. పెళ్లి రేపు చేసుకుంటాం, వారం ఇక్కడే ఉంటాం. మా వాళ్లకి ఫోన్ చేసి చెప్పొస్తాను," అంటూ పైలట్ బయటికి నడిచాడు.

చిట్టి రెక్కలో చెయ్యి పెట్టి తడిమింది.

"ఇది కన్నం పక్కనే ఉందమ్మా. అరచేత్తో తోస్తే పోతుంది. సంచి తియ్యక్కర్లేదు. నీకు తెలీదా?"

మెకానిక్ చేతులు గుడ్డతో తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకుంది.

"వారమే కదే అడిగాను."

"వెళ్లమని నా వెంటపడింది నువ్వు. అతన్ని ఇంటికి భోజనానికి పిలిచింది నువ్వు. నేను వద్దని ఏడిస్తే అన్నం మానేసింది నువ్వు."

"అవును, అదంతా నేనే. ఇదీ నేనే."

చిట్టి రెక్కలోంచి చెయ్యి తీసేసింది. "అయితే నేను వెళ్లను. ఇక్కడే ఉండిపోతాను."

"నోర్ముయ్. నీకింకా ముప్పై నిండలేదు. ఈ షెడ్డులో నా మొహం చూస్తూ ఎన్నాళ్లు కూర్చుంటావు?"

"సరే, అయితే నువ్వే తియ్యి. నువ్వు పెట్టిన ముడతే కదా."

మెకానిక్ రెక్కలోకి చెయ్యి పెట్టింది. నిద్రపోయే బిడ్డ కింద పక్కబట్ట సరిచేసినట్టు, నెమ్మదిగా, ఆ రబ్బరుని అరచేత్తో చదును చేసింది. చిట్టి ఆమె భుజానికి తల ఆనించి అలాగే నిలబడింది.

పైలట్ తిరిగొచ్చేసరికి మెకానిక్ కన్నం మూత స్క్రూలు బిగిస్తోంది.

"ముడత పోయింది. వారం అక్కర్లేదు."

"అంత తొందరగానా!"

"మా అమ్మ చెయ్యి అలాంటిది," అంది చిట్టి.

ట్యాంకులు నింపి, రెక్కల కింద పాత పేపర్లు పరిచారు. శుక్రవారం పొద్దున చూస్తే పేపర్ల మీద ఒక్క మరక లేదు. రిజిస్టరు ఆఫీసులో చిట్టి తరఫు సాక్షిగా మెకానిక్ సంతకం పెట్టింది.

మధ్యాహ్నం విమానం దగ్గర పైలట్‌ని ఆపింది.

"ఎక్కే ముందు ప్రతిసారీ ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు సీసాలోకి పట్టి చూడు. నీటి చుక్క కనిపిస్తే ఎగరకు."

"అలాగే, అత్తయ్యగారూ."

"దీనికి కోపమొస్తే మాట్లాడదు. రెండో పూటకి నువ్వే పలకరించు."

"అలాగే."

చిట్టి ఆమెను గట్టిగా వాటేసుకుంది. విమానం పరుగెత్తి గాల్లోకి లేచింది. అది చుక్కంత అయ్యేదాకా మెకానిక్ కుడి రెక్క వైపే చూస్తూ నిలబడింది.

గేటు దగ్గర కొత్తగా చేరిన వాచ్‌మన్ ఆమె కళ్లు చూసి స్టూలు జరిపాడు.

"కూర్చోండమ్మా. కూతుర్ని అత్తారింటికి పంపడమంటే ఏ తల్లికైనా కష్టమే."

"అది నా కోడలు, బాబూ," అందామె.