కత్తిగాటు

“ఇది చేప చించిన వల కాదురా చెంగయ్యా, ఎవురో కత్తితో కోసినారు!”

గురవమ్మ ఆ నూలు వలను ఎండలోకి పట్టి మళ్ళీ చూసింది. చేప చించితే పోగులు పీచుపీచుగా వేలాడతాయి. ఇక్కడ గాటు నున్నగా ఉంది.

ఆమె కొడుకు చెంగయ్య తల వంచుకుని ఒక్కో వలకన్నూ అల్లుతూనే ఉన్నాడు. ఎస్సెల్సీ తప్పిన రోజు నుంచీ మొన్నమొన్నటిదాకా వాడికి తిండి లేదు, మాట లేదు. గోడవైపు తిరిగి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండేవాడు. పోయినేడు చిన్నపోలయ్య కొడుకు కూడా ఇలాగే పరీక్ష తప్పి సముద్రం పాలయ్యాడు. ఆ భయంతో గురవమ్మ వాకాడు సంతకు చేపలగంప ఎత్తడమే మానేసింది.

జయరామయ్య మాస్టారు ఊరివాళ్ళందరినీ బడికి పిలిపించి మాట్లాడారు. కొడుకును విడిచి గురవమ్మ వెళ్ళలేదు. ఆ మర్నాటి నుంచీ బడిపిల్లలు రోజుకొకరు తెగిన వల మోసుకొస్తున్నారు.

“అన్నా, మా నాయన వేటకు పోవాల. నీ అంత బాగా ఎవురు అల్లతారు?”

చెంగయ్య మొదట విసుక్కున్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు. నిన్న తనంతట తానే గంజి అడిగి తాగాడు. బిడ్డ తేరుకుంటున్నాడని సంతోషించాలో, ఊరికి పట్టిన పీడకు ఏడవాలో ఆ తల్లికి తెలియలేదు.

ఇంతలో చిన్నపోలయ్య కూతురు మస్తానమ్మ గుమ్మంలోకి తొంగిచూసింది.

“అన్నా, రేపు మా వల తెస్తా.”

“మీ నాయన మద్రాసు నుంచి తెచ్చిన నైలాను వలా? అప్పుడే తెగిందా?”

“ఇంకా లేదు పెద్దమ్మా!” అని నాలుక కరుచుకుని పరుగు తీసిందా పిల్ల.

గురవమ్మ లేచి నిలబడింది. కోసేదెవడో పిల్లలకు తెలుసన్నమాట! కొడుకును పోగొట్టుకున్న మనిషికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు కాదూ?

“నోటికాడ కూడు కోస్తాడా, వాడి చేతులు పడిపోను!” అని తిట్టుకుంటూ సముద్రపు ఒడ్డుకు పరుగెత్తింది. చిన్నపోలయ్య పడవ చాటున అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

“చిన్నపోలయ్యా, నీ కొత్త వల జాగర్త! రేపు నీ వంతంట!”

అతను వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“ఆ పొద్దు నా బిడ్డ చేతికి ఎవురూ ఒక్క పని ఇయ్యలేదు వదినా” అన్నాడు.

గురవమ్మ పడవ చుట్టూ తిరిగి ముందుకు వచ్చింది.

చిన్నపోలయ్య తన వలను తానే కోస్తున్నాడు.