అరగ్లాసు

“రేపు నిన్ను పిలిచి పనిచ్చేదెవరే? ఇంటింటా అమ్మలుండగా, ఏటి తినాలో సెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారా?”

డయాలసిస్ వార్డు బయట బెంచీ మీద కూర్చుని కుసుమకుమారి కూతుర్ని అడిగింది. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

దేవిశ్రీ సెల్లులోంచి తలెత్తలేదు. “అమ్మా, ఓటీపీ నీ ఫోనుకొచ్చింది. సెప్పు. అయిదింటికి డిగ్రీ సీట్ల ఆప్షన్లు మూసీత్తారు. ఇరవై నిమిషాలుంది.”

“ఆ న్యూట్రిషను తీసీసి కెమిస్ట్రీ పెట్టు, సెప్తాను. అచ్యుతాపురం మందుల కంపెనీల్లో ఏదో ఒకటి దొరుకుతాది. ఆ మందుల వాసనకి నీ గుండెలేటైపోతాయోనని అదొక భయం నాకు. అయినా జీతమొత్తాది.”

“నాకు కెమిస్ట్రీ వద్దు.”

“మరేటి కావాల? ఫ్రిజ్జుకి కాగితాలంటించడమా?”

నాలుగు నెలల కిందట నాన్న కిడ్నీలు పాడైనప్పుడు ఆ కాగితం అంటించింది దేవిశ్రీయే. రోజుకి మూడు గ్లాసుల నీళ్లు. అరటిపండు వద్దు, టమాటా వద్దు. కొబ్బరి నీళ్లు అసలే వద్దు అని ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు గీసింది.

కుసుమకుమారి ఫోన్ని గుప్పిట్లో బిగించింది. పిల్ల పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. వార్డు తలుపు వైపు చూడటం లేదు. కాలు ఒకటే ఊపుతోంది. సీటు కోసం ఇంత బెంగా?

తలుపు తెరుచుకుంది. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి ఫైలుతో బయటికొచ్చింది. ఆసుపత్రి డైటీషియన్ షాహీనా. ఆమెను కుసుమకుమారి ఇన్నాళ్లూ నర్సే అనుకుంటోంది.

“వరహాలు గారి వాళ్లు మీరే కదండీ?”

“ఓలమ్మా, ఏటైందమ్మా? మాటాడతన్నాడా?”

“రక్తంలో పొటాషియం బాగా పెరిగిపోయింది. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదు. డాక్టరు గారు మిషన్ మీదే ఉంచారు. ఇప్పుడే ఏమీ చెప్పలేం.” షాహీనా పెన్ను తీసింది. “నేను డైటీషియన్నండీ, ఇక్కడ రోగులేం తినాలో చెప్పేదాన్ని. నిన్నటి నుంచి ఏం తిన్నారో, ఏం తాగారో దాచకుండా చెప్పండి. డాక్టరు గారికి అది తెలియాలి.”

దేవిశ్రీ చేతిలోంచి సెల్లు జారి ఒళ్లో పడింది.

“కాగితంలో రాసినట్టే వండానమ్మా. కూరముక్కలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసీసి, మళ్లీ వండాను.”

“తాగడానికి?”

“మూడు గ్లాసులే.”

“కొబ్బరి నీళ్లు?”

కుసుమకుమారి కళ్లు కిటికీలోంచి కిందికి వెళ్లాయి. ఆసుపత్రి గేటు పక్కన కొబ్బరి నీళ్లమ్మే నూకాలు బండి. బండి నిండా ఆకుపచ్చటి బొండాలు.

“అమ్మా?” అంది దేవిశ్రీ.

“అరగ్లాసు తల్లీ. పొద్దున్న ఆటో దిగాక అరగ్లాసే. నాలుకెండిపోతంది కుసుమా అని ఏడిసీసాడు. ఆసుపత్రి గేటు దగ్గిరే అమ్ముతారు గదా, రోగులకి కాపోతే ఎవరికి అమ్ముతారనుకున్నాను. సలవ సేత్తాదని...”

షాహీనా కేకలేస్తే బాగుండేది. ఆ అమ్మాయి తల వంచుకుని రాసుకుంది.

“మరి నిన్న?”

“నిన్న నాను ఇంట్లో లేనమ్మా. ఆయన పేరు మీద మొక్కుకోడానికి సింహాచలం ఎల్లాను. ఇదే ఉంది నాన్న దగ్గిర. ఇది నాలాగ కాదు, సుక్క ఎక్కువివ్వదు.”

“అరగ్లాసుకి ఇంత పెరగదండీ. ఇంకేదో వెళ్లింది లోపలికి. గుర్తు తెచ్చుకోండి, మళ్లీ వస్తాను.” తలుపు మూసుకుంది.

అరగ్లాసుకి ఇంత పెరగదన్న మాట కుసుమకుమారి చెవికెక్కలేదు. ఇరవై ఏళ్లు వండిపెట్టిన చేత్తోనే మనిషిని చంపేసుకుంటున్నానా? చీర చెంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఫోన్ తెరిచింది.

“నీ సదువే మంచిదే పాపా. నాకేటీ తెల్దు. ఆ పిల్లలాగ నువ్వు కూడా పదిమందికి సెప్పాల. కొట్టు... ఏడు, రెండు, సున్నా, నాలుగు...”

దేవిశ్రీ బొటనవేలు తెర మీదికి వెళ్లింది. అక్కడే ఆగిపోయింది.

“కొట్టవే. టైమైపోతంది.”

కొట్టలేదు.

“నా మీద కోపమా? తిట్టు. తిట్టీసైనా కొట్టు తల్లీ!”

గోడ గడియారంలో అయిదుకి మూడు నిమిషాలుంది. తర్వాత రెండు. దేవిశ్రీ సెల్లుని బెంచీ మీద బోర్లించింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. “గుర్తొచ్చిందా అండీ?” అంది షాహీనా.

“ఒట్టమ్మా, ఆ అరగ్లాసే. ఇంకేటీ లేదు. కావాలంటే దీన్నడగండి, నిన్న మూడు పూటలూ ఇదే సూసుకుంది.”

ఇద్దరూ దేవిశ్రీ వైపు చూశారు. లోపల మిషన్ కూత ఆగి, మళ్లీ మొదలైంది. గడియారం అయిదు దాటింది. దేవిశ్రీ, తల్లి వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అంది:

“నిన్న నాన్న నాకు సేతులు జోడించీసాడమ్మా. రెండు బొండాలు నానే తాగించీసాను.”